చప్పిడికూడును పోపులపెట్టెయు



వంటలనుగూర్చి వ్రాయువారు సాధారణముగ తమకు తెలిసినదానిని చెప్పుటకు వ్రాయుదురు. నేను నాకు తెలియకపోయినదానినిగూర్చి వ్రాయుచున్నాను. ముప్పదియాఱు సంవత్సరములు మా యింటి పోపులపెట్టె నా చేతిలోనే యున్నను, దానిలోని సరకుల గుణము నేనెఱుగనైతిని. అది తెలిసివచ్చుటకు మా అత్తగారు మంచము పట్టవలసివచ్చెను.

మాది అచ్చంపేట. పూర్వము మహబూబునగరము జిల్లాలో నుండెను. 2016వ సంవత్సరమునుండి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు యాత్రికులు మా యూరికి చేరువనున్న దారిని పోయి మన్ననూరువద్ద నల్లమల యడవిలో ప్రవేశింతురు. మాది మెట్టభూమి. పల్లికాయ, జొన్న, కంది, ఆముదము మా నేలకు అలవాటైన పంటలు. ఇట్టి చోట వంట పాలకంటెను, నేతికంటెను పులుపు, కారము, ఉప్పులపై నెక్కువగ ఆధారపడియుండుట సహజము. జొన్నరొట్టెలో ఎల్లిపాయకారము పెట్టుకొని చేనికి పోవు మనుష్యునకు చెమటతో పోయిన యుప్పు తిరిగి కావలయును. ఆ మనుష్యుడు చేను విడిచి కుర్చీలో కూర్చుండినాడు గాని, కారపుముద్దలోని యుప్పు మాత్రము చేనిలో నున్నప్పటి కొలతనే నిలిచిపోయినది. మా యింట జరిగినదదియే.

2022వ సంవత్సరము మాఘమాసములో, పల్లికాయ పెఱుకు దినములలో, ఒకనాటి తెల్లవాఱుజామున మా అత్తగారు నీళ్లచెంబు పట్టుకొనబోగా అది ఆమె యెడమచేతినుండి జారి పడెను. ఆ చప్పుడునకు లేచి చూచితిని. మూతి ఒక ప్రక్కకు లాగియుండెను. మాట ముద్దగా వచ్చుచుండెను. అప్పటికామెకు డెబ్బదియాఱేండ్లు. మా వారు కారు కుదుర్చుకొని హైదరాబాదునకు తీసికొనిపోయిరి. మెదడులో గడ్డకట్టిన రక్తమును కరిగించు సూదిమందు నాలుగున్నర గంటలలోపలనే ఇయ్యవలయునట. మేము వేళకు చేరితిమి. (మూతి వంకరపోవుట, చేయి పడిపోవుట, మాట తడబడుట, వీనిలో నేదైనను ఇంట కనబడినయెడల, తెల్లవాఱనిమ్మని గాని, ముందు నాటువైద్యుని పిలిపింతమని గాని ఆలస్యము చేయకుడు. ఈ మాట వంటకు సంబంధించినది కాకపోయినను విడువలేకపోతిని.)

పది దినములకు ఇల్లు చేరితిమి. మాట చాలవఱకు తిరిగివచ్చెను, ఎడమచేయి కొంచెము బలహీనముగ నుండిపోయెను. రక్తపుపోటు 190 దాటియుండెననియు, అది ఎన్ని యేండ్లనుండి యట్లున్నదో ఎవరికి తెలియుననియు వైద్యులనిరి. మాత్రలు వ్రాసియిచ్చి, ఉప్పు మిక్కిలి తగ్గింపుడని చెప్పిరి. ఎంత యని యడిగితిని. మనిషికి దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, అదియు అన్ని వంటకములలోను కలిపి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారును, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థవారును చెప్పు కొలత యిదియే.

నేను చదువుకొన్నదానిని, చెప్పినదానిని అక్షరాల చేయుదాననని నాకొక గర్వము. ఇంటికి వచ్చిన మఱునాడే మా అత్తగారి వంటను వేఱు చేసితిని. ఉప్పు లేని పప్పు, ఉడకబెట్టిన సొరకాయ, ఉప్పు లేని యిడ్డెన, పలుచని మజ్జిగ. ఉప్పుతోబాటు కారమును, పోపును సయితము మానివేసితిని. రోగికి మసాలాలు కూడవని ఎక్కడనో విన్న మాట నాకు గుర్తుండెను. వైద్యులా మాట చెప్పనే లేదు. ఉప్పు తగ్గింపుడన్నారేగాని రుచి తీసివేయుడనలేదు. ఈ భేదము నాకు తట్టలేదు.

మొదటి ముద్ద నోటబెట్టుకొని మా అత్తగారు నా వంక చూచి, "ఏం బిడ్డా, ఇంట్ల ఉప్పు ఒడిసిందా?" అనిరి. నేను వైద్యుల మాట చెప్పితిని. ఆమె మాటాడక నాలుగు ముద్దలు మ్రింగి చేయి కడిగికొనిరి. రెండవనాడు మూడు ముద్దలు. ఒక వారమునకు పళ్లెము చూడగానే కడుపు నిండిన దనుచుండిరి. నలువది దినములలో ఆమె బరువు 52 కిలోలనుండి 46 కిలోలకు దిగెను. మరల చూపించుకొనుటకు పోయినప్పుడు వైద్యులు రక్తపుపోటు చూచి సంతోషించి, బరువు చూచి ముఖము ముడిచిరి. తినకపోయినయెడల నీరసించి పడిపోవునని మందలించిరి. ఉప్పు పెట్టిన నొక యపాయము, పెట్టకున్న నింకొక యపాయము. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇట్లుండగా ఒకనాడు మంచము క్రింద ఊడ్చుచుండ, గుడ్డ కప్పిన చిన్న గిన్నె చీపురునకు తగిలెను. తెఱచి చూచిన మామిడికాయ తొక్కు! మా మనుమడు, ఎనిమిదేండ్లవాడు, తలుపుమూల నిలుచుండి యేడ్వసాగెను. "అవ్వ అడిగింది" అని వాని మాట. ప్రతిదినము బడినుండి వచ్చిన తరువాత జాడీలోనుండి ఒక గరిటెడు తీసి యిచ్చుచుండెనట. ఉప్పులో ఊరిన తొక్కు! నేను చేసిన చప్పిడియంతయు దానితో సమమైపోయినది. నాకు పట్టరాని కోపము వచ్చెను. మంచమున పడియున్న మనిషి యని చూడక నాలుగు మాటలంటిని. ఆమె గోడవైపు తిరిగి పండుకొని, "నేనింక ఎన్నొద్దులు బతుకుత? ఆ నాలుగొద్దులన్న నోటికి రుచిగ తిననియ్యరాదా?" అనిరి. రెండు దినములు ఇద్దఱము మాటాడుకొనలేదు. ఒకే యింట నున్న ఇద్దఱాడువారు, అందొకరు మంచమున నున్నవారు, మాటాడుకొనకుండిన ఆ రెండు దినము లెట్లుండునో చదువరులగు సోదరీమణులకు నేను చెప్పనక్కఱలేదు.

మూడవనాటి సాయంకాలము వంకాయకూర వండుచు ధనియాలపొడి డబ్బా తెఱచితిని. అంగడిలో కొన్న పొట్లము పొడి. ముక్కునకు దగ్గఱగ పెట్టికొన్నను వాసన లేదు, ఱంపపుపొట్టువలె నుండెను. అదేమో ఆనాడు నాకు విసుగు పుట్టి, దానిని పాఱబోసి, డబ్బాలలో మిగిలియున్న ధనియములు, జీలకఱ్ఱ, మెంతులు ఒక్కటిగ మూకుడులో బోసి వేపసాగితిని. మనస్సు మాత్రము వేఱొకచోట నుండెను. ఇంతలో ముందరి గదిలోని మంచముమీదినుండి, "మెంతులు మాడుతున్నయ్, దించు!" అని కేక వినబడెను.

ముద్దగా వచ్చిన ఆ కేక నాకిప్పటికిని చెవులలో నున్నది. మూకుడు దించి అట్లే పట్టుకొని ఆమె మంచమువద్దకు పోతిని. ఆమె లేచి కూర్చుండి, గింజలను కుడిచేత కదిపి చూచి, నలుపెక్కిన మెంతులను చూపించి, ఇది కూరలో వేసిన కషాయమే యనిరి. "అన్నీ ఒక్కతీరుగ ఏగుతయా? మెంతులు యేరు, ధనియాలు యేరు. ధనియాలు రంగు మారకముందే, వాసన ముక్కుకు తగులుడుతోనే దించాలె." నేను "మరి నువ్వు చెప్పు అత్తమ్మా, నేను ఏంచుత" అంటిని. మూడు దినముల తరువాత మొదటి మాట యది.

ఆ సాయంకాలము మరల వేపితిమి. ఆమె మంచముమీద, నేను తలుపుదగ్గఱ పొయ్యి పెట్టుకొని. ఆమె చెప్పిన పాళ్లు ఇవి: ధనియములు నాలుగు పిడికిళ్లు, జీలకఱ్ఱ ఒక పిడికెడు, నువ్వులు ఒక పిడికెడు, ఎండుకొబ్బరి ఒక చిన్న చిప్ప, మెంతులు చిన్న చెంచాడు, మిరియములు చిన్న చెంచాడు. మెంతులను ముందుగ సన్నని సెగను వేపి, గోధుమవన్నె రాగానే తీసివేయవలయును. తరువాత ధనియములు. జీలకఱ్ఱకు సగము వేడి చాలును, మూకుడు దించిన పిమ్మట వేసినను వేగును. నువ్వులు చిట్లుచున్నప్పుడే దించవలయును. అన్నియు చల్లాఱిన పిమ్మట రోటిలో కచ్చాపచ్చాగ దంచుట. పది దినములకు మించి నిలువచేయరాదు. ఉప్పు ఇందులో గింజయైనను లేదు. ఆ పొడి రెండు చెంచాలు చల్లిన వంకాయకూరలో ఎప్పుడు వేయు నుప్పులో మూడవవంతు మాత్రము వేసి, మా అత్తగారికి పెట్టితిని. ఆమె ఆ పూట అన్నము అడిగి పెట్టించుకొనిరి. ఉప్పునుగూర్చి ఆమెయు నేమియు ననలేదు, నేనును అడుగలేదు.

పొట్లము పొడికి వాసన యేల లేకపోయెనో తరువాత చదివి తెలిసికొంటిని. మన సుగంధద్రవ్యముల వాసన వానిలోని తైలములయందున్నది. ఆ తైలములు గాలిలో ఎగిరిపోవు స్వభావము గలవి. గింజ చెక్కుచెదరక యున్నంతకాలము తైలము లోపల దాగియుండును. పొడి చేసినది మొదలు ఎగిరిపోవుచుండును. నెలలతరబడి డబ్బాలోనున్న పొడిలో రంగు మిగులును, వాసన మిగులదు. వాసన లేని కూరకు రుచి తెచ్చుటకు మనచేతిలో మిగిలిన సాధనము ఉప్పొక్కటియే. గడచిన పదేండ్లలో మా యింట ఉప్పు పెరుగుటకు నేను కొన్న పొట్లములు కొంత కారణమని ఇప్పుడు నాకు తోచుచున్నది.

ఆ తైలములు నీటిలోకంటె నూనెలో బాగుగ కరుగును. పోపు పెట్టుటలోని కిటుకంతయు నదియే. రెండు చెంచాల నూనె చాలును. గరిటెలకొలది పోయుట వాసనకు కాదు, అలవాటునకు. ఆవాలు ముందు వేయుట యేలనన, వానిపై పొర గట్టిది, నూనె బాగుగ కాగిననేగాని చిట్లవు. చిట్లిన ఆవాల రుచి కమ్మదనము. పచ్చి ఆవాలను నీటితో నూఱినప్పటి ఘాటు వేఱు, అది ఆవపచ్చడికి పనికివచ్చును. ఆవాల తరువాత జీలకఱ్ఱ, ఎండుమిరప, పిమ్మట నలుగగొట్టిన వెల్లుల్లి, మేము ఎల్లిపాయ యందుము, చివర కరివేపాకు, దించునప్పుడు ఇంగువ. వెల్లుల్లిని నలుగగొట్టి పది నిమిషములు విడిచిపెట్టి వేసిన ఘాటు నిలుచును. పసుపు నేరుగ కాగిన నూనెలో పడిన మాడి చేదగును. ఇదంతయు మా అత్తగారికి కారణములతో తెలియదు, కాని చేయి తప్పదు.

ఉప్పునకు రెండవ ప్రత్యామ్నాయము పులుపు. నాలుకకు పులుపు తగిలినప్పుడు ఉప్పు తక్కువైన సంగతి అంతగా తెలియదు. మాకు పులుపునకు కొఱతలేదు: చింతపండు నల్లమలలో దొరకును, పుంటికూర (గోంగూర) పెరటిలోనే మొలచును. పచ్చిపులుసు మా అత్తగారు మొట్టమొదట మనసార త్రాగిన వంటకము. నిమ్మకాయంత చింతపండు నానవేసి పిసికి వడగట్టి, నిప్పులపై కాల్చిన పచ్చిమిరపకాయలను, సన్నగ తరిగిన ఉల్లిపాయను చేత నలిపి, వేపి దంచిన నువ్వులపొడి రెండు చెంచాలు, జీలకఱ్ఱపొడి, కొత్తిమీర కలిపి, పైన ఎల్లిపాయ పోపు పెట్టుట. కాచు పని లేదు. ఉప్పు చివర వడ్డించునప్పుడు చిటికెడు చల్లిన చాలును. ఉప్పు పైననే యుండి నాలుకకు ముందుగ తగులును గనుక తక్కువతో పని జరుగును. ముందే వేసి కరిగించినయెడల ఎక్కువ పట్టును.

చింతపండునుగూర్చి యొక మాట. మా ప్రక్కనున్న నల్లగొండ ప్రాంతమున నీళ్లలోని ఫ్లోరైడువలన ఎముకలు వంగిపోయినవారి దుఃఖము అందఱెఱిగినదే. చింతపండు తినిన పిల్లల మూత్రముతో ఫ్లోరైడు ఎక్కువగ వెలిపోవుట గమనించితిమని జాతీయ పోషకాహారసంస్థవారు 2002వ సంవత్సరమున ప్రకటించిరి. అందుచేత చింతపులుసు త్రాగి చెడునీళ్లు త్రాగవచ్చునని కాదు, మంచినీళ్లే మందు. కాని మన పెద్దలు పులుసు లేని భోజనము ఒప్పకపోవుట వట్టి జిహ్వచాపల్యమే కాకపోవచ్చును.

ఇట్టి సంగతులు చదువునప్పుడు మనము పోపులపెట్టెను వైద్యశాల యని భ్రమించు నపాయము కలదు. ఆ భ్రమలో మేమును పడితిమి. మా అబ్బాయి ఎవరో చెప్పగా పసుపు మాత్రల సీసా కొనితెచ్చెను. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారు ఇట్టివి వాడరాదనియు, వీనివలన కాలేయము చెడినవారు సయితము కలరనియు వైద్యులు చెప్పి మాన్పించిరి. కూరలోని చిటికెడు పసుపు వేఱు, సీసాలోని సారము వేఱు. మెంతుల సంగతియు నట్టిదే. మెంతులు మధుమేహమునకు మంచివని 1990వ సంవత్సర ప్రాంతమున హైదరాబాదు పోషకాహారసంస్థలోనే పరిశోధనలు జరిగినవి. కాని వారిచ్చినది దినమునకు 25 గ్రాములు, అంతకు మించియు. పోపులో మనము వేయునవి పది గింజలు. ఆ పది గింజలతో చక్కెర తగ్గునని మాత్రలు మానివేసిన బంధువులు మాకు కలరు. పోపుగింజ రోగము కుదుర్చదు. పథ్యపు కూటిని మనిషి నోటికి ఎక్కించును. నాకు తెలిసినంతవఱకు దాని ఘనత యంతే, అది తక్కువ ఘనత కాదు.

ఉప్పు మార్చిన చాలునని చెప్పువారును కలరు. సైంధవలవణము మంచిదని మా వారు కొన్నాళ్లు పట్టుబట్టిరి. రక్తపుపోటును పెంచు సోడియము దానిలోను ఉన్నది. గొంతువాపు రాకుండ కాపాడు అయొడీను మాత్రము సాధారణముగ ఉండదు. సోడియము తగ్గించి పొటాషియము కలిపిన యుప్పు కూడ అంగళ్లలో దొరకుచున్నది. మూత్రపిండములు చెడినవారికి, కొన్ని రక్తపుపోటు మాత్రలు వాడువారికి అది ప్రమాదకరము. వైద్యుని అడుగక వాడరాదు.

కారమునుగూర్చి మా అత్తగారికిని నాకును చిన్న తగవు జరిగెను. ఉప్పు తగ్గినకొలది ఆమె కారము పెంచుమనుచుండిరి. కడుపులో మంట లేచుచుండెను. చివరకు వరంగల్లు వైపు పండు చపాటా మిరపకాయలు తెప్పించితిమి. టమాటవలె లావుగ, పొట్టిగ నుండును; రంగు చాల, ఘాటు తక్కువ. కూర ఎఱ్ఱగా కనబడిన ఆమెకు తృప్తి. ఘాటు వలసినచోట మిరియము వాడితిమి. నిజమునకు మన పూర్వుల వంటలో ఘాటు మిరియముదే. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి యోడలలో నాలుగైదు వందల యేండ్ల క్రిందట వచ్చినది. మిరియమువలె మండును గనుకనే మనవారు దానికా పేరు పెట్టిరి. ఈ మాట మా అత్తగారికి చెప్పగా, "అంటే మిరపకాయ లేనప్పుడు గుడ తొక్కులు నూరిన్రా?" అని ఆశ్చర్యపడిరి. ఇంగువయు పరదేశపుదే, ఆఫ్ఘనిస్తానము, ఇరానులనుండి వచ్చుచున్నది. మన దేశమున హిమాలయములలోని లాహౌల్ లోయలో ఇంగువ మొక్కను మొదటిసారి నాటినది 2020వ సంవత్సరము అక్టోబరులో. మన డబ్బాలోని యింగువలో పలుమారు గోధుమపిండి కలిపియుందురు. గోధుమ పడనివారు డబ్బాపై వ్రాసినది చదివి కొనవలయును.

నా మొదటి తప్పు ఉప్పును ఒక్కసారి మానివేయుటయని మా కోడలు చెప్పెను. ఆమె హైదరాబాదున చదువుకొన్న పిల్ల, లెక్కలయందు నేర్పరి. నాలుక పాత రుచిని మఱచిపోవుటకు కొన్ని వారములు పట్టును, వారమునకింత తగ్గించుకొనుచు పోయిన తెలియకుండనే అలవాటగునని ఆమె వాదము. మొదట నేను ఒప్పుకొనలేదు. కోడలు చెప్పిన మాట అత్తకు వెంటనే నచ్చునా! కాని ఆమె ఒకనాడు కాగితముపై లెక్క వ్రాసి నా ముందు పెట్టెను. మేమింట ఆఱుగురము. నెలకు రెండు కిలోల యుప్పు కొనుచుంటిమి. 2,000 గ్రాములను ఆఱుగురికి ముప్పది దినములకు పంచిన మనిషికి దినమునకు 11 గ్రాములు. ఎండకాలమున తొక్కులకు, అప్పడములకు, ఊరమిరపకాయలకు పోయు నుప్పు వేఱుగ సుమారు నాలుగు కిలోలు. దానిని యేడాదికి పంచిన ఇంకొక 2 గ్రాములు. మొత్తము 13 గ్రాములు! అత్తగారి పళ్లెము నొక్కదానిని చప్పిడి చేసి, మేమైదుగురము రెండున్నర రెట్ల యుప్పు తినుచుంటిమి. మా వారి రక్తపుపోటు చూపించిన అదియు 150 దాటియుండెను.

ఆనాటినుండి రెండు వంటలు మానివేసితిని. అందఱికి నొకటే కుండ. వేఱు వంట మానుట మా అత్తగారికి మాత్రలకంటె నెక్కువ బలమిచ్చినదని నా నమ్మకము. తానొక్కతియే శిక్ష అనుభవించుచున్నానను మాట ఆమె మనస్సునుండి పోయెను. కుండలో ఉప్పు వారమునకు పావుచెంచా చొప్పున తగ్గించితిమి. పప్పులో పుంటికూర, చారులో మిరియములు జీలకఱ్ఱ, జొన్నరొట్టె పిండిలో వాము నువ్వులు, మజ్జిగలో దంచిన అల్లము కరివేపాకు, ఉలవకట్టులో ఎల్లిపాయ పోపు. మా వారు రెండు వారములు గొణిగిరి. మా అబ్బాయి ఉప్పుడబ్బా కంచము ప్రక్కన పెట్టుకొనెను; అది యెవరు తీసి దాచిరో నాకు తెలియదు, తెలిసినను వ్రాయను. మూడు మాసములు గడచినపిమ్మట ఒక పెండ్లిలో భోజనము చేసి వచ్చి, ఆ వంటలో ఉప్పు ఎక్కువైనదని వానిమాటగనే వినబడెను.

ఎల్లిపాయకారము మాత్రము మాకు కష్టమైనది. దానిలో ఉప్పు తగ్గిన నిలువయుండదు, రుచియు మాఱును. చివరకు నెలకు సరిపడ నూఱుట మాని, రెండు దినములకొకసారి నాలుగు పాయలు, జీలకఱ్ఱ, కొంచెము చింతపండు, వేపిన పల్లీలు ఒక పిడికెడు వేసి నూఱుకొనుచున్నాము. పల్లీలు వేసిన ముద్ద కమ్మగ నుండి ఉప్పు తక్కువ పట్టును. మా యూరి పల్లికాయ ఆ పనికి చాల మంచిది. అయినను పల్లీలు, నువ్వులు నూనెగింజలని మఱువక, చెంచాలతోనే కొలుచుకొనవలయును.

ఆ సంవత్సరము దీపావళినాటికి మా అత్తగారు 51 కిలోలకు చేరిరి. రక్తపుపోటు మాత్రలతో 130 ప్రాంతమున నిలిచెను. ఉప్పు తగ్గించుటచేతనే నిలిచెనని నేననను, మాత్రలును వేళకు వేసికొనిరి. పోపులపెట్టె మాత్రము ఇప్పుడు వంటయింట లేదు. ఆమె మంచము ప్రక్కనున్న గూటిలో నున్నది. ఏ పూట ఏది ఎంత వేయవలెనో ఆమె తీసి యిచ్చును, నేను పుచ్చుకొని పోదును. పని త్వరలో నున్నప్పుడు నాకిది కొంచెము చిరాకే.

ఇంటి యుప్పు ఇప్పుడు నెలకు ఒక కిలో. లెక్క వేసిన మనిషికి అయిదున్నర గ్రాములు. తొక్కులు కలిపిన ఇంకను ఎక్కువే. వైద్యులు చెప్పిన గీత మేమింకను అందుకొనలేదు.

గడచిన వేసవిలో మామిడికాయలు కోయించినప్పుడు మా అత్తగారు పీట వేసికొని కూర్చుండి, ఉప్పు తానే కొలిచిపోసిరి. సగము కాయలకు పాతకొలత ఉప్పు; అది బిడ్డలిండ్లకు పంపుటకు. మిగిలినవానిలో కొన్నింటికి సగముప్పు, ఎక్కువ మెంతిపొడి, ఆవపొడి. ఉప్పు తగ్గిన తొక్కు జాడీలో నిలువదు, బూజుపట్టును. కావున చిన్నచిన్న సీసాలలో పెట్టి ఫ్రిజ్జులో దాచి, పది పదునైదు దినములలో తినివేయవలసివచ్చినది. మొదటి సీసా తెఱచి ఆమె కంచములో వేలిమొనంత పెట్టితిని. ఆమె దానిని నాలుకపై పెట్టుకొని, కొంతసేపు కన్నులు మూసికొని, "ఫ్రిజ్జుల పెట్టిన తొక్కు గుడ ఒక తొక్కేనా?" అని, కంచము మరల నా వైపు జరిపిరి.